విడువని బ్రేకు



కారునకు బ్రేకు దేనికని అడిగినచో బడికి పోవు పిల్లవాడు సైతము "ఆపుటకు" అని బదులు చెప్పును. ఆ సమాధానము సగము మాత్రమే నిజము. బ్రేకునకు రెండు పనులు కలవు. కాలు మోపినప్పుడు పట్టుట ఒకటి. కాలు తీసినప్పుడు విడుచుట రెండవది. మొదటి పనిని ప్రతి డ్రైవరును దినమునకు నూరుమార్లు పరీక్షించుచునే యుండును. రెండవ పనిని ఎవరును పరీక్షింపరు. బ్రేకు బాగుగా నున్నప్పుడు మెకానిక్కులు "బ్రేకు పట్టింది" అందురు. చెడినప్పుడు "బ్రేకు పట్టేసింది" అందురు. ఈ రెండు మాటల నడుమనున్న భేదమే ఈ ప్రసంగమునకు విషయము.

గ్రంథాలయ సభలో కారు బ్రేకు ప్రసక్తి ఏల యని కొందరికి తోచవచ్చును. అచ్యుతాపురము చుట్టుపట్ల సేద్యముతో బ్రతికిన గ్రామము. ప్రత్యేక ఆర్థిక మండలి ఏర్పడిన పిమ్మట తెల్లవారకమునుపే షిఫ్టునకు పోవువారి బస్సులును, వ్యానులును, అద్దెకార్లును అనకాపల్లి త్రోవలోను, ఎలమంచిలి త్రోవలోను బారులు తీరుచున్నవి. అప్పుచేసి కారు కొని, దానిమీదనే సంసారమును నడుపుకొనువారు ఈ ప్రాంతమున కొల్లలు. ఎడ్లబండి యున్న ఇంట ఇరుసునకు కందెన ఎప్పుడు వేయవలెనో పదేండ్ల కుఱ్ఱవానికిని తెలిసియుండెడిది. కారున్న ఇంట చక్రము వెనుక ఏమున్నదో యజమానికే తెలియదు.

రెండవ కారణము సముద్రము. పూడిమడక తీరము ఈ మండలములోనిదే. అక్కడి పడవల మేకులను, లంగరులను చూచినవారికి ఉప్పుగాలి ఇనుమును ఎట్లు తినునో వేఱుగ చెప్పనక్కరలేదు. ఇంజనునకు పైన మూత కలదు. గేరుపెట్టె నూనెలో మునిగియుండును. బ్రేకు మాత్రము చక్రము వెనుక ఎట్టి ఆచ్ఛాదనమును లేక వ్రేలాడుచు, వానకు తడిసి, దుమ్మునకు మాసి, ఉప్పుగాలికి తుప్పుపట్టుచుండును. వారమునకొకసారియైనను కదలక చావడిలో నిలిచియుండు కారునకు ఈ పీడ మరింత యెక్కువ. వాడని వస్తువు అరగదను మాట బ్రేకు విషయమున చెల్లదు.

ముందు యంత్రముయొక్క స్వరూపము తెలియవలెను. తొలినాటి అంబాసిడరు కారునకు నాలుగు చక్రములందును డ్రమ్ము బ్రేకులే యుండెడివి. నేటి సాధారణమైన కారునకు ముందు చక్రములకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రములకు డ్రమ్ములు ఉండును. ఖరీదైన వానికి నాలుగును డిస్కులే. డిస్కు బ్రేకు క్రొత్త తలంపు కాదు. ఇంగ్లండులోని బర్మింగుహాములో ఫ్రెడరిక్ లాంచెస్టరు అను ఇంజనీరు 1902లోనే దానికి పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సు దేశపు లె మాన్ పందెమును డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలిచిన తరువాత లోకము దానిని మన్నించినది.

చక్రముతో కూడ తిరుగు ఇనుప పళ్ళెము డిస్కు. కమ్మరి పట్టకారువలె ఆ పళ్ళెమును ఇరువైపుల చుట్టుకొనియుండునది కాలిపరు. పట్టకారు నోటిలో రెండు ప్యాడ్లు ఉండును. డ్రైవరు పెడలు త్రొక్కగానే మాస్టరు సిలిండరులోని బ్రేకు ఆయిలు గొట్టములగుండ ఒత్తిడితో వచ్చి కాలిపరులోని పిస్టనును ముందుకు నెట్టును. పిస్టను లోపలి ప్యాడును డిస్కునకు అదుమును. వెంటనే ఆ ఒత్తిడికి ప్రతిగా కాలిపరు మొత్తము రెండు స్లైడు పిన్నులమీద వెనుకకు జరిగి వెలుపలి ప్యాడును కూడ అదుమును. ఒక్క పిస్టనుతో రెండువైపుల పట్టు చిక్కును. ద్రవమునందు ఒకచోట కలిగిన ఒత్తిడి అన్ని వైపులకును సమముగ వ్యాపించునని పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కలు చెప్పిన సూత్రమే దీనికి ఆధారము. మాస్టరు సిలిండరు పిస్టనుకంటె కాలిపరు పిస్టను వైశాల్యమున నాలుగురెట్లు పెద్దదైనచో బలమును నాలుగురెట్లగును.

పట్టుట ఇట్లు. మరి విడుచుట ఎట్లు? ఇక్కడనే వింత కలదు. డ్రమ్ము బ్రేకులో పట్టీలను వెనుకకు లాగుటకు స్ప్రింగులు కలవు. డిస్కు బ్రేకులో పిస్టనును వెనుకకు లాగుటకు ఏ స్ప్రింగును లేదు. పిస్టను చుట్టును చతురస్రాకారపు అంచుగల రబ్బరు వలయ మొకటి గాడిలో కూర్చుండి యుండును. ఆయిలు బయటికి కారకుండ ఆపుట దాని పనియని చాలమంది తలంతురు. దానికి మరియొక పని కూడ కలదు. పిస్టను ముందుకు పోవునప్పుడు ఆ వలయము దానిని పట్టుకొని కొంచెము మెలిపడును. ఒత్తిడి తగ్గగానే రబ్బరు తన మొదటి రూపునకు వచ్చుచు పిస్టనును తనతో వెనుకకు తెచ్చును. తెచ్చు దూరము మిల్లీమీటరులో కొద్ది భాగము మాత్రమే. ఆ వెంట్రుకవాసి దూరమే ప్యాడునకును డిస్కునకును విడుదల. టన్నుబరువు కారును నిలుపు పట్టును వదలించునది ఇంత చిన్న రబ్బరు వలయపు సాగుడు గుణమే! పట్టుటకు డ్రైవరు కాలి బలము, దానికి తోడు బూస్టరు బలమును కలవు. విడుచుటకు ఉన్న బలము అత్యల్పము. కావున కొంచెము తుప్పు, కొంచెము ఎండిన గ్రీజు, కొంచెము ఇరుకైన గొట్టము వచ్చిపడినను పట్టు చెడదు, విడుపు చెడును.

ఇక ఒక అద్దెకారును ఊహింపుడు. అది అచ్యుతాపురమునుండి గాజువాకకు దినమునకు రెండు మూడు మార్లు పోయి వచ్చుచున్నదనుకొనుడు. కొన్నాళ్ళుగా పెట్రోలు ఎక్కువ త్రాగుచున్నది. స్టీరింగు వదలినచో ఎడమకు లాగుచున్నది. దిగినప్పుడు ఎడమ ముందు చక్రమునొద్ద కాలిన వాసన. ఆ చక్రపు రిమ్ము మిగిలిన మూటికన్న నల్లగా మసిబారియున్నది. షెడ్డులో చూచి, ప్యాడ్లు అరిగిపోయినవని క్రొత్తవి వేసిరి. రెండు నెలలు గడవకమునుపే మరల అదే వాసన, మరల అదే చక్రము. మరల ప్యాడ్లు వేసిరి. ఈసారి డిస్కును కూడ మార్చిరి. యజమాని జేబు ఖాళీ అయినది. కారు ఎడమకు లాగుట మాత్రము మానలేదు. అరిగిన వస్తువును మార్చిరి కాని అరుగుటకు కారణమును ఎవరును అడుగలేదు. చిల్లికుండలో మరల మరల నీరు పోసినట్లున్నది ఆ వైద్యము.

ఇది డబ్బు నష్టముతో పోవు సంగతియైనచో ఇంత చెప్పవలసిన పని లేదు. ఆ కారే ఒక కుటుంబమును ఎక్కించుకొని అరకులోయకు పోయి, అనంతగిరి ఘాటులో దిగుచున్నదనుకొనుడు. విడువని బ్రేకు ఘాటుదారికి రాకమునుపే వేడెక్కియుండును. దిగుడులో మరింత వేడెక్కును. ఆ వేడి పిస్టనుగుండ బ్రేకు ఆయిలునకు ప్రాకును. డాట్ 4 అను తరగతి ఆయిలు క్రొత్తగా నున్నప్పుడు కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదని నియమము. కాని ఆ ఆయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలదు. అందు నూటికి నాలుగు పాళ్ళకు లోపుగా నీరు చేరినంతనే మరుగు స్థానము 155 డిగ్రీల వరకు దిగజారవచ్చును. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు పుట్టును. ఆయిలును నొక్కిన అణగదు. ఆవిరి నొక్కిన అణగును. అప్పుడు డ్రైవరు కాలు పెడలుతో కూడ అడుగునకు దిగిపోవును, కారు ఆగదు. విడువని బ్రేకే కడకు పట్టని బ్రేకగును. అట్టి ఆపదలో గేరు తగ్గించుట, పెడలును మాటిమాటికి త్రొక్కుట, హ్యాండుబ్రేకును మెల్లగా లాగుట తప్ప గత్యంతరము లేదు.

రోగనిర్ణయమునకు ఖరీదైన పరికరము లేవియు అక్కరలేదు. తిన్నని దారిలో, వీలైనంతవరకు బ్రేకు వేయక, పదిహేను నిమిషములు కారును నడిపి ఆపవలెను. అరచేతిని ఒక్కొక్క చక్రమునకు దగ్గరగా తేవలెను గాని డిస్కును తాకరాదు, చర్మము కాలును. నేడు దూరమునుండియే వేడిని కొలుచు చిన్న యంత్రములు దొరకుచున్నవి. ఉన్నవారు వానిని వాడవచ్చును. ముందు చక్రములు వెనుకవానికన్న వేడిగా నుండుట సహజము. కావున ఎడమను కుడితోనే పోల్చవలెను, ముందును వెనుకతో పోల్చరాదు. ఒకటి గోరువెచ్చగను రెండవది దగ్గరకు చేయి పోనీయనంత వేడిగను ఉన్నచో దొంగ దొరకినట్లే. కారు ఒకవైపు లాగుట మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. టైరులో గాలి తగ్గినను, చక్రముల అలైనుమెంటు తప్పినను లాగును. ఇంకొక సూక్ష్మము: బ్రేకు వేయనప్పుడు లాగినచో లాగిన వైపు బ్రేకు విడుచుట లేదు, బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగినచో లాగని వైపు బ్రేకు పట్టుట లేదేమో చూడవలెను.

తరువాత సమతలమైన నేలమీద కారును నిలిపి, నేలనున్న చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, జాకీతో ఎత్తి, స్టాండుమీద నిలుపవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. ఒట్టి జాకీని నమ్మి కారు క్రింద తల పెట్టుట ఎంతటి పనివానికైనను తగదు. గేరును న్యూట్రలులో నుంచి, ఒకరిచేత బ్రేకు త్రొక్కించి, వదలించి, చక్రమును చేతితో త్రిప్పవలెను. డిస్కు బ్రేకున్న చక్రము తిరుగునప్పుడు మెల్లని రాపిడి చప్పుడు వినవచ్చుట దోషము కాదు. రెండు చేతులతో బలిమిగా త్రిప్పవలసి వచ్చినచో దోషము.

ఇప్పుడు అసలు ప్రశ్న. చక్రమును పట్టుకొనియున్నది ఆయిలు ఒత్తిడియా, ఇనుపతుప్పా? దీనిని తేల్చునది కాలిపరు వెనుకనున్న చిన్న నిపిలు. చక్రము బిగిసియున్నప్పుడే ఆ నిపిలునకు గొట్టము తొడిగి, పానాతో కొంచెము వదులు చేయవలెను. ఆయిలు చిమ్ముకొనివచ్చి చక్రము వెంటనే తేలికపడినచో లోపల ఒత్తిడి చిక్కుకొనియున్నదన్నమాట, కాలిపరు నిర్దోషి. ఆయిలు ఊరక చుక్కలుగా కారి చక్రము బిగిసియే యున్నచో తప్పు కాలిపరులోనే కలదు. ఈ పరీక్షకు అయిదు నిమిషములు పట్టదు. దీనిని చేయక ప్యాడ్లు మార్చుట నాడి చూడక మందిచ్చుట వంటిది.

ఒత్తిడి చిక్కుకొన్నదని తేలినచో మరియొక ప్రశ్న వేయవలెను. ఎక్కడ చిక్కుకొన్నది? నిపిలును మూసి, మరల బ్రేకు త్రొక్కించి చక్రమును బిగియనిచ్చి, ఈసారి ఇనుప గొట్టమును రబ్బరు హోసును కలియుచోటనున్న కీలును కొంచెము వదులు చేయవలెను. అక్కడ వదులు చేయగానే చక్రము తేలికపడినచో హోసు మంచిదే. అడ్డంకి పైన, మాస్టరు సిలిండరు వైపున కలదు. అట్టి సందర్భమున సాధారణముగ రెండు ముందు చక్రములును పట్టియుండును. పెడలు వదలినప్పుడు ఆయిలు తిరిగి ట్యాంకులోనికి పోవుటకు మాస్టరు సిలిండరులో సన్నని రంధ్రము కలదు. పెడలునకు ఏ మాత్రమును ఖాళీ ఆట లేకుండ బిగించినచో ఆ రంధ్రము మూతపడియే యుండును. కీలు వదులు చేసినను చక్రము కదలక, నిపిలు వదులు చేసినప్పుడు మాత్రమే కదలినచో దోషి రబ్బరు హోసు.

ఊహించిన ఆ అద్దెకారులో జరిగినది సరిగా ఇదియే. హోసు వెలుపలనుండి చూచుటకు నునుపుగా, పగులు లేక, క్రొత్తదానివలె నుండును. లోపలి పొర ఉబ్బియో, ఊడి రేకువలె వ్రేలాడియో యుండును. కాలి బలముతో వచ్చిన ఆయిలు ఆ రేకును త్రోసికొని లోనికి పోవును. తిరిగి వచ్చుటకు దానిని తరుమునది రబ్బరు వలయపు అల్పబలమే గదా! ఆ బలమునకు రేకు తెరచుకొనదు. వచ్చుటకే గాని పోవుటకు వీలులేని వాకిలి అది. ఆ రోగము ఎట్లు వచ్చినది? వయసు మీరియు రావచ్చును. ప్యాడ్లు మార్చినవారు కాలిపరును విప్పి, తీగతో పైన కట్టక, ఆ బరువంతయు హోసుమీద వ్రేలాడదీసినందువలనను రావచ్చును. వైద్యమే వ్యాధిని తెచ్చుట మనుష్యులకే కాదు, యంత్రములకును కలదు.

తప్పు కాలిపరులోనే యని తేలినచో అది మూడు తావులలో నుండవచ్చును. మొదటిది స్లైడు పిన్నులు. కాలిపరును విప్పి పిన్నులను చేతితో ఆడించి చూడవలెను. నునుపుగా లోనికిని వెలికిని జారవలెను. గ్రీజు ఎండి బెల్లపు పాకమువలె బంకయై, లేక తుప్పుపట్టి, కదలకున్నచో వానిని తీసి శుభ్రము చేయవలెను. గుంటలు పడిన పిన్నును మార్చుటయే మేలు. రబ్బరు బూటు చినిగినచో అదియు మార్చవలెను. చినిగిన బూటులోనుండియే కదా నీరు దూరినది. ఇచ్చట పలువురు చేయు పొరపాటు సాధారణపు గ్రీజునో ఇంజను ఆయిలునో పూయుట. ఆ నూనెలకు బ్రేకు రబ్బరు ఉబ్బి మరల పట్టివేయును. బ్రేకులకొఱకే చేసిన సిలికాను గ్రీజు చిన్న పొట్లములలో దొరకును. రెండు పిన్నులును ఒకే తీరున ఉండకపోవచ్చును. ఏది ఎచ్చటిదో గుర్తుపెట్టుకొని అచ్చటనే కూర్చవలెను. ఈ సంగతులన్నియు కారుతోపాటు ఇచ్చు పుస్తకములోను, షెడ్డువారికిచ్చు మాన్యుయలులోను చాలవరకు ఉండును. పాపము ఆ పుస్తకము, గ్రంథాలయములో ఎవరును తీసికొనిపోని పుస్తకముకన్నను దీనావస్థలో, కవరు విప్పకయే డ్యాషుబోర్డు అరలో పండుకొనియుండును.

రెండవ తావు ప్యాడ్ల చెవులు కూర్చుండు గాళ్ళు. తీగబ్రష్షుతో తుప్పును గీకి ప్యాడు సులువుగా జారునట్లు చేసిన చాలును. ఆ దుమ్మును నోటితో ఊదరాదు. పాత ప్యాడ్లలో రాతినార వాడెడివారు. అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. తడిగుడ్డతో తుడువవలెను.

మూడవది పిస్టను. ఇదియే కష్టమైన పని. నిపిలును కొంచెము తెరచి బిగింపు పట్టుతో పిస్టనును లోనికి నొక్కిచూడవలెను. మెల్లగ, సమముగ పోవలెను. వెనుక చక్రముల కాలిపరులో హ్యాండుబ్రేకు కలసియున్నచో కొన్నింట పిస్టనును మరవలె త్రిప్పుచు లోనికి పంపవలెను. ఊరక నొక్కినచో లోపలి పనిముట్టు విరుగును. పిస్టను కదలకున్నచో దానిని వెలికి తీయవలెను. కంప్రెసరు గాలితో ఎగురగొట్టుట ప్రమాదము. తుపాకి గుండువలె వచ్చి వ్రేళ్ళను నలుగగొట్టును. ఎదుట కొయ్యముక్కను అడ్డముంచి, కారు పెడలునే త్రొక్కించి ఆయిలు ఒత్తిడితో మెల్లగ తీయుట క్షేమము. పిస్టనుమీది మెఱుగుపూత లేచియో గుంటలు పడియో యున్నచో గరుకు కాగితముతో రుద్ది సరిపెట్టరాదు, క్రొత్తది వేయవలెను. గాడిని ఇనుప మొనతో గీకక కొయ్యపుల్లతో శుభ్రపరచవలెను. క్రొత్త రబ్బరు వలయమును బ్రేకు ఆయిలులోనే తడిపి కూర్చవలెను. పెట్రోలు, కిరోసినులను ఆ రబ్బరు దరికి రానీయరాదు. బ్రేకు ఆయిలు కారు రంగుమీద పడినచో రంగును ఊడదీయును. పడగనే నీటితో కడుగవలెను.

గొట్టము విప్పినప్పుడు గాలి చొరబడును. కావున ఒకడు పెడలు త్రొక్కి పట్టియుండగా రెండవవాడు నిపిలు విప్పి, గాలి బుడగలు పోయినపిమ్మట బిగించి, అప్పుడు మొదటివానిని కాలు తీయుమనవలెను. ట్యాంకులో ఆయిలు తరుగకుండ పోయుచుండవలెను. ఎంత సేపు చేసినను గాలి పోవకున్నచో నిపిలు ఎచ్చటనున్నదో చూడవలెను. అది కాలిపరునకు పై కొసను ఉండవలెను. ఎడమ కాలిపరును కుడివైపునకు వేసినచో నిపిలు క్రిందికి వచ్చును. బుడగ పైననే నిలిచియుండును. ప్యాడ్లనుగాని హోసులనుగాని మార్చినచో ఎడమ కుడి రెండువైపుల ఒకేసారి మార్చవలెను. చక్రము బిగించిన తరువాత కారు కదలక మునుపే పెడలు గట్టిపడువరకు నాలుగైదు మార్లు త్రొక్కవలెను. మొదటి త్రొక్కుడు అడుగునకు దిగిపోవును. ఈ మాట మరచి షెడ్డులోనుండి కారును తీయువారు ఎదుటి గోడకు పోయి కొట్టుకొందురు.

ఆ అద్దెకారునకు రెండు ముందు హోసులును మార్చి, ఆయిలంతయు క్రొత్తది పోసి, గాజువాక వరకు పోయి వచ్చినచో రెండు చక్రములును సమానమైన వేడితో నుండును. విప్పిన ఎడమ హోసును యజమాని పారవేయక నిలువునా కోసి చూచుకొనవచ్చును. పైన క్రొత్తదానివలె నిగనిగలాడు ఆ రబ్బరు లోపల, ఉబ్బిన పొరల నడుమ, సూది దూరునంత త్రోవ మాత్రమే మిగిలియుండును.